గాల్లో చేతులు తిప్పే పెళ్ళికొడుకు

బోగోలు,
ఫిబ్రవరి 9.

మరదలు ప్రత్యూషకు,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెట్టటం ఆచారం. నేను "హలో" అనగానే అమ్మ వంటింట్లోంచి, అవ్వ మంచం మీద నుంచి, నాయన వాకిట్లోంచి ముగ్గురూ ఒకేసారి "ఎవురూ?" అంటారు. వాట్సాప్ తెరిస్తే అమ్మ నా భుజం మీదుగా చదువుతుంది. అందుకని ఇది. నువ్వు కూడా నేను లెక్కలు చెప్పే బడి అడ్రసుకే రాయి.

సంగతేంటంటే, నిన్న నాకు పెళ్ళిచూపులు జరిగాయి. అబ్బాయి పేరు సుకుమార్. చిల్లకూరు వాళ్ళు. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం. ఏం ఉద్యోగమని అడిగితే సంబంధం తెచ్చిన పోలేరయ్య "ఆపరేషన్స్ అమ్మా, ఆపరేషన్స్!" అని గొంతు పెంచి చెప్పాడే గాని వివరం చెప్పలేదు. మా అమ్మ కాసేపు డాక్టరనుకుని ఎదురు కుర్చీ తుడిచింది.

అమ్మ మైసూరుపాకు వడ్డించబోతే ఆ అబ్బాయి "వద్దండీ" అనలేదు. చెయ్యి బారచాపి, అరచెయ్యి బోర్లించి, అటూ ఇటూ ఊపాడు. ఎంత ఖచ్చితంగా ఊపాడంటే అమ్మ పళ్ళెంతో సహా బొమ్మలాగా నిలబడిపోయింది. అవ్వ మాత్రం "ఈగలు తోలతా ఉండాడేమోలే" అంది. అంతే, నేను తలొంచుకుని కూర్చోవలసిన దాన్ని, పకపకా నవ్వేశాను. అతనూ నవ్వాడు. నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

తర్వాత మిద్దె మీద మమ్మల్ని మాట్లాడుకోమన్నారు. అతను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "మీకు గట్టిగా అరిచేవాళ్ళంటే ఇష్టమా?" లేదన్నాను. "నాక్కూడా. మా దగ్గర అరిచినా లాభంలేదు, వినపడదు" అన్నాడు. ఎందుకు వినపడదో అడిగేలోపు అమ్మ కింద నుంచి కేకేసింది.

అప్పటినుంచి నాకు ఆకలి లేదు. నిద్ర లేదు. బోర్డు వైపు తిరిగి నవ్వుకుంటున్నాను. ఈ ఉదయం మా గేదె ముఖం చూసి కూడా నవ్వాను. నువ్వు సైకాలజీ ఎమ్మే చదువుతున్నావు కదా, ఇది ఏ జబ్బో చెప్పు. మందుంటే మాత్రం చెప్పొద్దు.

నీ వదిన,
భానుప్రియ.

*

తిరుపతి,
ఫిబ్రవరి 16.

రోగిష్టి వదినకు,

నీ ఉత్తరం మా రూమ్మేట్ అబిగయీలుకు కూడా చదివి వినిపించాను. ఇద్దరం మంచం మీద పడి దొర్లాం. అబిగయీలు వాళ్ళన్న ఆండ్రూ కూడా ఆ పోర్టులోనే పనిచేస్తాడట. లోకం ఎంత చిన్నదో చూడు.

ఇక నీ జబ్బు. ఏది అసాధారణ ప్రవర్తన అన్నదానికి మా శాస్త్రంలో రకరకాల కొలతలున్నాయి. ఎంతమంది అలా చేస్తారన్నది ఒకటి. ఎక్కువమంది చెయ్యనిది చేస్తే అసాధారణం. ఆ లెక్కన మా హాస్టల్లో మెస్సు సాంబారు బాగుందన్న ఒకే ఒక్క మనిషి అబిగయీలు, కాబట్టి ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నలుగురి పద్ధతికి విరుద్ధంగా ఉందా అన్నది ఇంకొకటి. అరచెయ్యి బోర్లించి మైసూరుపాకును ఆపటం దాని కిందికి వస్తుంది. పెళ్ళిచూపుల్లో పకపకా నవ్విన పిల్ల కూడా వస్తుంది. ఆ మనిషి తనలో తాను బాధపడుతోందా అని అడగాలి. నువ్వు బాధపడటం లేదు, ఎగురుతున్నావు. రోజూ చేసే పనులు చెడుతున్నాయా, తనకు గాని ఎదుటివాళ్ళకు గాని ప్రమాదమా అని కూడా చూడాలి. పిల్లలకు ఏడు ఎనిమిదులు యాభై నాలుగని చెప్పావా? చెప్పి ఉంటే నాకు రాయి, కేసు గట్టిపడుతుంది.

ఏ ఒక్క కొలతా ఒంటరిగా చాలదని మా నవోమి మేడం గొంతు చించుకుని చెబుతుంది. కానీ వదినా, ఒక్కసారి ఈ పుస్తకం చేతికొచ్చాక ఆగటం కష్టం. ఆందోళన గురించి చదివిన వారం నాకే ఆందోళన రోగమొచ్చింది. జ్ఞాపకశక్తి పాఠమప్పుడు నా చెప్పులు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. ఇప్పుడు పెద్ద పెద్ద జబ్బుల దగ్గరికొచ్చాం. బస్సులో కనబడ్డ ప్రతివాడికీ ఏదో ఒకటి అంటగడుతున్నాను.

అబ్బాయి గురించి ఇంకా రాయి. ఎత్తెంత, మీసముందా, నవ్వితే బుగ్గ సొట్ట పడుతుందా? ఇవన్నీ శాస్త్రానికి అవసరం.

నీ డాక్టరు,
ప్రత్యూష.

*

బోగోలు,
మార్చి 2.

ప్రత్యూషా,

మీసముంది. సొట్ట లేదు. కానీ ఇప్పుడవి ఎందుకులే, ఇల్లంతా కొంప మునిగినట్టుంది.

మనలో ఆచారం తెలుసు కదా, సంబంధం ఖాయం చేసే ముందు ఎవరో ఒకరు అబ్బాయి ఊరికి పోయి చాటుగా విచారించి రావాలి. నాయన ఓబులేసు చిన్నాయనను పంపాడు. ఆయన పాత ట్రాక్టరు కొనేవాడిలాగా వేషం కట్టి, చిల్లకూరులో సుకుమార్ వాళ్ళింటి ఎదురుగా టీ కొట్లో సాయంత్రం దాకా కూర్చున్నాడు. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"అన్నా, పిల్లోడు మిద్దెక్కినాడు. ఎదురుగా మనిషి లేడు, మాను లేదు. ఒక వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పినాడు. మళ్ళా అదే వేలు కిందకి చూపించి తిప్పినాడు. మళ్ళా రెండు చేతులూ కలిపి పట్టుకోని అట్టా నిలబడిపోయినాడు, పైనుంచి ఎవురో ఏందో చెప్తా ఉంటే వినేవాడి మాదిరిగా. నాకైతే ఒళ్ళు జల్లుమనింది."

"ఫోన్లో మాట్లాడతా ఉండాడేమో?" అంది అమ్మ.

"ఫోనూ లేదు, చెవిలో పుల్లా లేదు. ఊరికే!"

నాయన బయటికి పోయి ఎవరికో ఫోన్ చేశాడు. లోపలికొచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది. "ఈ సంబంధం వద్దు" అన్నాడు. జాతకాలు కలవలేదని వాళ్ళకు కబురు పంపించాడు. ఇప్పుడు గూడూరు నుంచి గిరిబాబు అనే అబ్బాయి సంబంధం వచ్చింది. వంక పెట్టటానికి లేదని అందరూ అంటున్నారు. ఫోటో చూశాను. నిజమే, వంక పెట్టటానికి లేదు. ఇంకేమీ కూడా లేదు.

నాకు కోపమొచ్చి నీ కొలతలతో మా ఇంటినంతా కొలిచాను. అవ్వ ప్రతి ఉదయం గేదెకు రాత్రి వచ్చిన కల చెబుతుంది, అది జవాబిచ్చినట్టు తల కూడా ఊపుతుంది. అమ్మ గ్యాసు కట్టేసి, గేటు దాకా పోయి, వెనక్కొచ్చి మళ్ళీ కట్టేస్తుంది. నాయన వాన రాకపోతే ఆకాశాన్ని తిడతాడు, వేలు చూపించి మరీ. అది ఆకాశంతో మాట్లాడటం కాదా? ఓబులేసు చిన్నాయన లేని ట్రాక్టరు కోసం రోజంతా బేరమాడాడు. మరి వీళ్ళను ఎవరూ పెళ్ళి చేసుకోకుండా ఎందుకు వదల్లేదు?

నవ్వులాటకు రాస్తున్నాను గాని భయంగా కూడా ఉంది. నిజంగా ఏదైనా ఉంటే నాకు తెలియాలి. తెలిశాక ఏం చెయ్యాలో అప్పుడాలోచిస్తాను. ఏమీ లేకపోతే మాత్రం అతన్ని ఊరికే వదులుకోలేను. నాకతను నచ్చాడు, అంతే. ఆ మాట ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేను, నీకే చెబుతున్నాను. ఇప్పుడు నువ్వే చెప్పాలి.

భాను.

*

తిరుపతి,
మార్చి 9.

వదినకు,

పరీక్షలు దగ్గరికొచ్చాయి, అందుకే చిన్న ఉత్తరం.

పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే చేసి ఉంటారు. గిరిబాబు కూడా మంచివాడే అయ్యుండొచ్చు, ఒకసారి మాట్లాడి చూడు. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. అబిగయీలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ప్రత్యూష.

*

బోగోలు,
మార్చి 15.

గౌరవనీయులైన డాక్టరు గారికి,

మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించాలి. ఒక్క విషయం తెలుసుకుందామని. మా నాయన ఆ రోజు బయటికి పోయి ఫోన్ చేసింది తమరికేనట కదా?

నిన్న అన్నం దగ్గర అమ్మ మళ్ళీ సుకుమార్ మాటెత్తితే నాయన కంచం పక్కకు నెట్టి అన్నాడు: "నేనేమన్నా ఊరికే వద్దన్నానా? మన ప్రత్యూష చెప్పింది. సైకాలజీ చదవతా ఉండే పిల్ల. అది పెద్ద జబ్బంట. నాకు నోరు తిరగని పేరు చెప్పింది."

నేను ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను.

చూడకుండా, మాట్లాడకుండా, ఓబులేసు చిన్నాయన టీ కొట్లోంచి చూసింది మా నాయన ఫోన్లో చెబితే, తమరు తిరుపతిలో కూర్చుని రోగం పేరు చెప్పేశారు! మీ పుస్తకంలో అంత దూరం నుంచి చూసే కొలత కూడా ఉందా? ఉంటే మా ఊళ్ళో వాళ్ళకు అమ్ముదాం, బాగా పోతుంది. పైగా ఏమీ ఎరగనట్టు "ఎండలు మొదలయ్యాయి" అని రాశారు. ఎండలు మొదలైతే మాకు తెలియదా?

ప్రత్యూషా, నేను నా మనసులో మాట చెప్పింది నీకొక్కదానికే. నువ్వే నా నోట్లో మట్టి కొట్టావు. ఏప్రిల్ 12న, కోతలు కాగానే, గిరిబాబు వాళ్ళు తాంబూలాలు మార్చుకోవటానికి వస్తున్నారు. వచ్చి అక్షింతలు వేసి పో. దూరం నుంచైనా వెయ్యొచ్చు, నీకు అలవాటే కదా.

భానుప్రియ. వదిన అని రాయటం లేదు, గమనించు.

*

నెల్లూరు,
ఏప్రిల్ 2.

వదినకు, నువ్వు కాదన్నా వదినకే,

తిట్టింది చాలా తక్కువ. ఆ రోజు మెస్సులో కంచం పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. మామ ఫోన్ చేసి "ఒక్క మాటలో చెప్పు" అన్నాడు. ఆ వారమే పెద్ద జబ్బుల పాఠం చదివాను. అందులోని జబ్బు పేరొకటి నోట్లోంచి వచ్చేసింది. చెప్పగానే మామ గొంతులో నా మీద గౌరవం వినిపించింది. అది బాగుంది. అందుకే వెనక్కి తీసుకోలేదు, నీకు చెప్పటానికి ధైర్యం చాలలేదు.

నీ ఉత్తరం పట్టుకుని నవోమి మేడం దగ్గరికి పోయాను. ఆమె తిట్టలేదు. మూడు ముక్కలు అడిగింది. "ఎక్కడ? ఎప్పుడు? ఎవరి ముందు?" మిద్దె మీద అన్నాను, సాయంత్రం అన్నాను, ఎవరూ లేరన్నాను. "అంతకు ముందు అతను ఎక్కడున్నాడు? పగలంతా ఆ చేతులతో ఏం చేస్తాడు?" అంది. తెలియదన్నాను. "మనిషికి నిద్ర ఉందా, పని చేసుకుంటున్నాడా, నలుగురితో కలుస్తున్నాడా, కష్టమొస్తే తట్టుకుంటున్నాడా, తప్పు చేస్తే ఒప్పుకుంటున్నాడా? మానసిక ఆరోగ్యమంటే ఇవీ. అందరిలాగా చేతులు కట్టుకుని కూర్చోవటం కాదు. ఒకవేళ నిజంగా జబ్బే ఉన్నా, వైద్యం చేయించుకుని సంసారం చేసుకునేవాళ్ళు బోలెడుమంది. మీ మామకు ఆ మాటెందుకు చెప్పలేదు?" అంది. నాకు ఏడుపొచ్చింది.

గదికొచ్చి అబిగయీలుకు చెప్పాను. ఆమె వెంటనే వాళ్ళన్నకు ఫోన్ కలిపింది. అంత తేలిక వదినా! నా పక్క మంచం మీదే దారి ఉంటే పుస్తకంలో వెతికాను.

పరీక్షలు కాగానే నెల్లూరొచ్చి, ఇద్దరం పోర్టు దగ్గరున్న ముత్తుకూరు పోయాం. పోర్టు లోపలికి మనల్ని రానివ్వరు. డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వచ్చేదాకా టీ కొట్టు దగ్గర కాచుకున్నాం. ఆండ్రూతో పాటు దిగింది ఎవరనుకున్నావు? మీసముంది, సొట్ట లేదు.

ఆండ్రూ క్రేను నడుపుతాడు. సుకుమార్ కింద నిలబడి చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మాన్. ఆండ్రూ ఏమన్నాడంటే: "నేనుండేది పైన అద్దాల గదిలో మేడం. ఓడ అడుగున ఏముందో నాకు కనబడదు. ఆ రొదలో అరిచినా వినబడదు. సుకుమారన్న చెయ్యి ఎట్టా చెప్తే అట్టా పోతా. మొన్న వానల్లో గాలికి లోడు ఊగిపోయింది. కింద మనుషులుండారు. అందురూ కంగారు పడి పరిగెత్తతా ఉంటే అన్న మాత్రం రెండు చేతులూ కలిపి పట్టుకోని కదలకుండా నిలబడినాడు. నేను ఆపేసినా. లోడు ఊగి ఊగి అదే నిలబడింది. ఆయన నిబ్బరం చూసి నాకు నిబ్బరమొచ్చింది."

మిద్దె మీద చేసింది సాధన. సూపర్‌వైజరు పరీక్షకు కూర్చుంటున్నాడు, కొత్తవాళ్ళకు నేర్పాలి కూడా. వీధిలో చేస్తే అందరూ నవ్వుతారని మిద్దెక్కాడు. పాపం, టీ కొట్లో మీ చిన్నాయన ఉన్నాడని తెలియదు.

ఎందుకు వద్దన్నారో చెబితే ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "జాతకాలు అన్నారు గాని నేను నమ్మలేదండీ. ఆ అమ్మాయి నావల్ల అందరి ముందూ నవ్వింది కదా, అది తప్పయిపోయిందేమో, ఇంట్లో ఆమెను తిట్టినారేమో అని ఇన్నాళ్ళూ బాధపడినా" అన్నాడు. వదినా, ఇతన్ని వదిలితే నిన్నే ఆసుపత్రిలో చేర్పిస్తాను.

మామకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "అప్పుడు జబ్బంటివి, ఇప్పుడు కాదంటివి. అసలు నువ్వు కుదురుగా ఉండావా?" అని పెట్టేశాడు. నమ్మటం లేదు. నమ్మకపోవటం న్యాయమే.

సుకుమార్ నాకు సైగలు నేర్పాడు. బొమ్మలు గీసి పంపుతున్నాను. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. కిందకి తిప్పితే దించమని. తిప్పే చేతి మీద ఇంకో అరచెయ్యి కదలకుండా పెడితే నెమ్మదిగా అని. బారచాపి ఊపితే ఆపమని, అంటే మీ అమ్మ ఆ రోజు పద్ధతిగానే ఆగింది! రెండు చేతులూ కలిపి పట్టుకుంటే ఎక్కడివక్కడ అలాగే ఉంచమని. అతనికి నేనొక మాట చెప్పాను. అదేంటో మాత్రం ఇప్పుడు చెప్పను.

డాక్టరు కాని
ప్రత్యూష.

*

బోగోలు,
ఏప్రిల్ 14.

బంగారు మరదలికి,

నువ్వు చెప్పిన మాటేంటో తెలిసింది. తాంబూలాల తేదీ చెప్పావు కదూ, దొంగా!

మొదటినుంచి చెబుతాను. తాంబూలాలకు ముందు రోజు కాలంగాని కాలంలో కుండపోత వాన. కొయ్యకుండా మిగిలిన వరి పాడవుతుందని నాయన తెల్లారగానే కంగారుగా వరికోత మిషనును చేలోకి దింపాడు. కాలవ పక్కన అది బురదలో కూరుకుపోయి ఒక పక్కకు ఒరిగింది. కావలి నుంచి హైడ్రా క్రేను తెప్పించాడు. సరిగ్గా అప్పుడే గిరిబాబు వాళ్ళు కారు దిగారు. నాయన పట్టుపంచె ఎగ్గట్టి బురదలో ఉన్నాడు. మర్యాదలు చేసేవాళ్ళు లేక, వాళ్ళు కూడా గట్టు మీదికే వచ్చి నిలబడ్డారు. నేను పట్టుచీరలో అవ్వ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

మిషనుకు బెల్టులు కట్టి ఎత్తటం మొదలుపెట్టారు. ఊరంతా అరుపులే. "ఎత్తు!" "దించు!" "ఈపక్కకి!" "ఆపక్కకి రా!" నాయన ఒకటంటాడు, ఓబులేసు చిన్నాయన దానికి ఎదురంటాడు. క్రేను డ్రైవరు రాజ్ కుమార్ ఎవరి మాట వినాలో తెలియక బిక్కమొహం వేశాడు. మిషను పైకి లేచి ఊగటం మొదలుపెట్టింది. చిన్నాయన దాని కిందే ఉన్నాడు. నేనూ అరిచాను, ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

అప్పుడు గట్టు మీద మోటారుసైకిల్ ఆగింది. సుకుమార్ దిగాడు. డ్రైవరుకు కనబడేచోట నిలబడి రెండు చేతులూ కలిపి పట్టుకున్నాడు.

డ్రైవరు ఆపేశాడు. మిషను ఊగి ఊగి నిలబడింది. అరుపులు కూడా ఆగిపోయాయి ప్రత్యూషా. చిన్నాయనను, కింద ఉన్నవాళ్ళను అందరినీ దూరం పంపించి, కాలవ వైపు దిగి చూశాడు. అక్కడినుంచే చూసి చెప్పాలి, కానీ అక్కడుంటే మిషను అడ్డమై డ్రైవరుకు అతను కనబడడు. తలెత్తి గట్టు వైపు చూశాడు. ఇద్దరికీ కనబడేది నేను నిలబడ్డ చోటే.

అతను వేలు పైకెత్తి తిప్పాడు. మీద అరచెయ్యి పెట్టాడు.

నేను అవ్వ చెయ్యి వదిలేసి, అలాగే వేలు తిప్పి అరచెయ్యి పెట్టాను. నువ్వు గీసిన మనిషి వంకాయలాగా ఉన్నా పాఠం మాత్రం బాగా వచ్చింది! డ్రైవరు నెమ్మదిగా ఎత్తాడు. అతనేది చేస్తే నేనదే చేశాను. పట్టుచీర, తలనిండా పూలు, నలుగురి మధ్య గాల్లో చేతులు. నీ కొలతల్లో రెండింటికి దొరికిపోయాను. సిగ్గు వెయ్యలేదు. ఇంత సంతోషం నాకెప్పుడూ తెలియదు. మిషను గట్టు పక్కన మెత్తగా దిగింది.

ముందుగా చప్పట్లు కొట్టింది ఎవరో తెలుసా? గిరిబాబు. నిజంగానే మంచివాడు. వాళ్ళమ్మతో, "పోదాం పదమ్మా. ఆ అమ్మాయికి మన మాట వినపడదులే" అన్నాడు నవ్వుతూ.

నాయన బురద కాళ్ళతో సుకుమార్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇదేనా అబ్బయ్యా, మీ ఆపరేషన్సు?" అన్నాడు. "అవునండీ" అన్నాడతను. నాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా నిండా బురద. "మీ పెద్దోళ్ళను ఆదివారం రమ్మను. జాతకాలు కలిసినాయి."

అతను బండెక్కి, మలుపు దగ్గర ఆగి, అందరి ముందూ మాట్లాడలేక, వెనక్కి తిరిగి రెండు చేతులూ కలిపి పట్టుకున్నాడు. నేను వేలు పైకి తిప్పి, అరచెయ్యి పెట్టాను.

"ఏందే? ఏమంటా ఉండాడు?" అంది అవ్వ.

"ఎక్కడివక్కడ అట్టే ఉంచమంటా ఉండాడు అవ్వా."

"నువ్వేమంటివి?"

"నెమ్మదిగా పైకెత్తమన్నా."

అవ్వ చిన్నాయన వైపు తిరిగింది. "వింటివా ఓబులేసూ? ఒక్కడు చేస్తే పిచ్చంటివి. ఇద్దరు చేస్తే మాటలంట!"

ఇది రాస్తుంటే ఇప్పుడే ఇంకొకటి జరిగింది. మిద్దె మీద అలికిడైతే తొంగి చూశాను. నాయన ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా మనిషి లేడు, మాను లేదు. ఒక వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పి చూసుకుంటున్నాడు. వీధిలో పోతున్న ఓబులేసు చిన్నాయన ఆగి, తలెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసుకుని, తనూ ఒక వేలు పైకెత్తాడు.

నీ వదిన,
భానుప్రియ.